అదును తెలిసిన విత్తనం

ఎడారి పూల పటాన్ని గీసేది వాన పడిన తేదీ. అమెరికా నైరుతి ఎడారుల్లో దశాబ్దాలుగా సాగుతున్న పరిశీలనలు చెబుతున్న సంగతి ఇది.

2015 అక్టోబరులో అమెరికాలోని డెత్ వ్యాలీలో వానలు పడ్డాయి. 18వ తేదీన లోయ ఉత్తర కొసన, స్కాటీస్ క్యాజిల్ అనే పాత భవంతి దగ్గర సుమారు 5 గంటల్లో 75 మిల్లీమీటర్ల దాకా కురిసి, వరద రోడ్డును ఊడ్చుకుపోయింది. లోయ అడుగున ఏడాది మొత్తానికి సగటున పడేదే 60 మిల్లీమీటర్ల లోపు. మూడు నెలలు గడిచాయి. 2016 జనవరి నుంచి మార్చి దాకా ఉప్పు పేరుకున్న ఆ లోయ అంచులు పసుపు పచ్చగా మారిపోయాయి. డెజర్ట్ గోల్డ్ అని అక్కడివాళ్లు పిలిచే పొద్దుతిరుగుడు కుటుంబపు పువ్వు మైళ్ల పొడవునా విరగబూసింది. దూరాభారం లెక్కచేయక జనం తరలివెళ్లారు. వేసవి ముదిరేసరికి అంతా ఎండి, గింజ రాలి, మళ్లీ రాయీ ఇసుకా మిగిలాయి.

అదే లోయ మీద మరో పెద్ద వాన 2023 ఆగస్టు 20న పడింది. హిలరీ తుపాను బలహీనపడి లోపలికి వచ్చి, ఫర్నేస్ క్రీక్ దగ్గర ఒక్కరోజే 56 మిల్లీమీటర్లు కురిపించింది. ఒక్కరోజులో అంత వాన అక్కడ అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉన్న బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం సరస్సయింది. 2024 ఆరంభంలో దాని మీద జనం చిన్న పడవలు కూడా నడిపారు. వసంతం వచ్చింది, పూలూ వచ్చాయి. కానీ 2005లో, 2016లో చూసిన పూల వెల్లువ రాలేదు.

నీళ్లకు లోటు లేదు. అక్కడి చలికాలపు పూలకు ఆగస్టు అదును కాదు, అంతే.

ఎడారి అనగానే మనకు ముందు గుర్తొచ్చేది నాగజెముడు. ఒంట్లో నీళ్లు దాచుకుని, ముళ్లు కట్టుకుని కరవుతో ఏళ్ల తరబడి పోరాడే జాతి అది. స్వల్పాయువు మొక్కల దారి వేరు. కరవు కాలంలో అవి మొక్కలుగా ఉండనే ఉండవు. వాన పడ్డాక మొలిచి, నేలలో పదును ఉన్న కొద్ది వారాల్లోనో, నాలుగైదు నెలల్లోనో పూసి, కాసి, గింజ రాల్చి చచ్చిపోతాయి. మిగతా కాలమంతా విత్తనంగా మట్టిలోనే గడిపేస్తాయి. ఆ కాలం ఒక వేసవి కావచ్చు, పదేళ్లూ కావచ్చు. వృక్షశాస్త్రం వీటిని ఏకవార్షికాలంటుంది. అరిజోనా, కాలిఫోర్నియా, మెక్సికోల్లో పరుచుకున్న సొనోరన్ ఎడారి వృక్షజాతుల్లో దాదాపు సగం ఇలాంటివే.

ఇలాంటి మొక్క బతుకులో పెద్ద నిర్ణయం ఒక్కటే. మొలవాలా, ఆగాలా? మొలిచాక వెనక్కి వెళ్లే దారి లేదు. ఆ నిర్ణయం తీసుకోవలసింది మెదడు లేని, కళ్లు లేని, ఆవగింజకంటే చిన్నదైన గింజ. అది ఎలా తీసుకుంటుందన్నది జీవశాస్త్రం అడిగిన ప్రశ్నల్లో ఎంతో అందమైనదని నా నమ్మకం.

ఒకే మట్టి, రెండు గదులు

ఆ ప్రశ్నను ప్రయోగశాలలో పరీక్షకు పెట్టినవారు ఫ్రిట్స్ వెంట్. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదివినవాళ్లకు ఈ పేరు గుర్తుండే ఉంటుంది. ఓట్ మొలకల కొనల నుంచి ఆక్సిన్ హార్మోన్‌ను వేరుచేసిన డచ్ శాస్త్రవేత్త ఆయనే. 1930లలో కాలిఫోర్నియా వచ్చి కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాక ఆయన మనసు దగ్గరలోని ఎడారుల మీదికి మళ్లింది. 1940లలో జాషువా ట్రీ ప్రాంతం నుంచి పైపొర మట్టిని తెప్పించి, ఉష్ణోగ్రతను అదుపులో ఉంచగల గదుల్లో పరిచి, దాని మీద కృత్రిమంగా వాన కురిపించారు. మట్టి ఒకటే, నీళ్లూ ఒకటే. చల్లని గదిలో చలికాలపు మొక్కలు లేచాయి. వేడి గదిలో వేసవి వానలకు మొలిచే మొక్కలు లేచాయి. ఒకే పిడికెడు మట్టిలో రెండు వేర్వేరు వనాలు నిద్రపోతున్నాయి. ఏది లేవాలో తేల్చింది వాన పడిన వేళ నేలకున్న వేడి.

వాన ఎంత పడాలో కూడా వెంట్ చూశారు. పది పదిహేను మిల్లీమీటర్లకు తగ్గితే చాలా జాతుల విత్తనాలు కదలవు. అంతేకాదు, మట్టిని కింది నుంచి తడిపితే ఆ తడికి అవి మొలవవు. నీరు పై నుంచి కురిసి, మట్టిలో కిందికి ఇంకాలి. విత్తనం తొక్కలో మొలకను అణిచిపెట్టే రసాయనాలు ఉంటాయని, గట్టి వాన వాటిని కడిగేశాకే మొలక బయటికి వస్తుందని ఆయన వివరించారు. ఒక చినుకుకు మోసపోయి మొలిచిన విత్తనం వారంలో మాడిపోతుంది, సంతానం మిగలదు. వేల తరాలపాటు ఇదే జరిగితే ఇక మిగిలేవి మోసపోని విత్తనాలే.

మరో షరతు కూడా ఉంది. ఏప్రిల్‌లో రాలిన చలికాలపు విత్తనాన్ని ఆ నెలలోనే తడిపితే సాధారణంగా అది మొలవదు. ఎండాకాలమంతా కాలే నేలలో పొడిగా పడి ఉండి పండాలి. 1960లలో ఇలాంటి విత్తనాలను 50 డిగ్రీల వేడిలో వారాల తరబడి ఉంచి చూసినప్పుడు మొలక శాతం పెరిగింది. ఏ వేడిని మనం ఎడారి క్రూరత్వం అనుకుంటామో, ఆ గింజకు అదే కావాలి. వేసవి దాటాలి, నేల చల్లబడాలి, అప్పుడు గట్టి వాన పడాలి. ఈ మూడూ ఈ వరసలోనే జరగాలి. నెవాడా అణుపరీక్షల స్థలంలో ఏళ్ల తరబడి మొక్కలను గమనించిన జానిస్ బీట్లీ 1974లో ఈ వరసకు తేదీలు కట్టారు. డెత్ వ్యాలీ ఉన్న మొహావీ ఎడారిలో సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు ఆరంభం లోపు కనీసం 25 మిల్లీమీటర్ల వాన పడితేనే చలికాలపు మొక్కలు పెద్దఎత్తున లేస్తాయని ఆమె చెప్పారు. 2015 అక్టోబరు వాన ఆ గడువులో పడింది. హిలరీ వాన గడువుకు నెలకు పైగా ముందే పడిపోయింది.

పడమటి పూలు, తూర్పు పూలు

మనకు వానాకాలం పంట, యాసంగి ఉన్నట్టే సొనోరన్ ఎడారికీ రెండు కాలాలున్నాయి. అరిజోనా దక్షిణాన ఉన్న టూసాన్ నగరంలో ఏడాదికి దాదాపు 270 నుంచి 300 మిల్లీమీటర్లు పడుతుంది. అందులో సగం దాకా జూలై, సెప్టెంబరు నెలల మధ్య ఉరుములు మెరుపులతో దిగుతుంది. అక్కడివాళ్లూ దాన్ని మాన్సూన్ అనే అంటారు. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం చలికాలంలో పసిఫిక్ సముద్రం మీద నుంచి ముసురుగా వస్తుంది. టూసాన్ నుంచి పడమరకు, కొలరాడో నది దాటి మొహావీ వైపు పోతే వేసవి వాన పలచబడిపోతుంది. తూర్పున చివావా ఎడారి వైపు పోతే అత్యధిక వాన వేసవిదే. మొక్కల పటం కూడా అచ్చంగా ఇలాగే ఉంటుంది. పడమట చలికాలపు ఏకవార్షికాలది రాజ్యం, తూర్పున వేసవి వాటిది, నడుమన రెండూ. ఈ మూడు ఎడారుల్లో ఏడాది వాన మొత్తాలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పటం అర్థం కాదు.

నడుమన రెండూ ఉన్నాయంటే కలిసి ఉన్నాయని కాదు. అరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులో పోర్టల్ అనే చోట 1977 నుంచి శాస్త్రవేత్తలు కొన్ని మడులు కట్టి ఏడాదికి రెండుసార్లు మొక్కలను లెక్కిస్తున్నారు. ఒకే మడిలో చలికాలపు పట్టీ, వేసవి పట్టీ దాదాపు కలవనే కలవవు. ఒకే నేలను రెండు వనాలు వంతులవారీగా వాడుకుంటున్నాయి.

చలికాలపు ముసురు విశాలమైన మేఘాల బారు నుంచి వస్తుంది, జిల్లాలకు జిల్లాలు తడుస్తాయి. అందుకే ఆ పూలు కనుచూపు మేర తివాచీలా పరుచుకుంటాయి, ఛాయాచిత్రాల్లోకి ఎక్కుతాయి. వేసవి ఉరుముల వాన ఒక గుట్టను తడిపి పక్క గుట్టను వదిలేస్తుంది. అందువల్ల వేసవి మొక్కలు అక్కడో మచ్చ ఇక్కడో మచ్చగా మొలుస్తాయి. 40 డిగ్రీల ఎండలో వాటిని వెతుక్కుంటూ వెళ్లే యాత్రికుడూ ఉండడు. పేరు చలికాలపు పూలకే దక్కింది. నాకు మాత్రం ఆ వేసవి మొక్కల మీదే మమకారం ఎక్కువ, ఎందుకంటే వాటిలో మన బంధువులున్నాయి.

జూలై వానకు సొనోరన్ ఎడారిలో లేచే నారింజరంగు పువ్వు కాల్‌స్ట్రోమియా మన పల్లేరు కుటుంబంది. గలిజేరు ప్రజాతికి చెందిన మొక్కలు అక్కడ బోలెడు. పావిలి ప్రజాతి కూడా ఉంది. తోటకూర ప్రజాతికి చెందిన అమరాంతస్ పామెరి అక్కడి సొంత మొక్క. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్న తొహోనో ఓధమ్ ప్రజలు దాని లేతాకును వానాకాలంలో కూరగా వండుకుంటారు. వాగు విప్పారే చోట వరదనీటిని పొలంలోకి మళ్లించి, త్వరగా కాపుకొచ్చే టెపరీ చిక్కుడు పండించుకోవడం కూడా వాళ్లకు వాన తేదీ నేర్పిన విద్యే. ఆ తోటకూరే ఇవాళ అమెరికా పత్తి, సోయా పొలాల్లో మందులకు లొంగని కలుపు అయింది. కొద్ది రోజుల పదును ఉండగానే ఎత్తు ఎదిగిపోయే గుణం ఎడారి దానికి నేర్పింది. పొలంలో పదును ఎప్పుడూ ఉంటుంది, ఇక దానికి అడ్డేముంది?

ఆ వేగం వెనక ఉన్నది ఆకు పనితీరు. వేసవి ఏకవార్షికాల్లో చాలావరకు సీ-4 పద్ధతిలో ఆహారం తయారుచేసుకుంటాయి. జొన్న, మొక్కజొన్న, సజ్జ కూడా ఇదే తరహా. తీవ్రమైన ఎండలో, తక్కువ నీటితో ఎక్కువ పని జరిగే పద్ధతి ఇది. చలికాలపు ఏకవార్షికాలు మాత్రం వరి, గోధుమ, వేరుశనగల్లాగా దాదాపు అన్నీ సీ-3. చల్లని, తేమ ఉన్న రోజుల్లో వాటిదే పైచేయి. అంటే మొలక తప్పు కాలంలో వస్తే దాని ఆకు కూడా తప్పు ఆకే అవుతుంది.

చలికాలపు జాబితాలోనూ మన ఇళ్లకు తెలిసిన మొక్క ఒకటుంది. మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు ప్లాంటాగో ఒవాటా అనే మొక్క గింజది. ఆ మొక్క సొనోరన్ ఎడారిలో తనంతట తానే మొలుస్తుంది. మనుషులు తీసుకెళ్లింది కాదు, లక్షల ఏళ్ల కిందటే అక్కడికి చేరిందని జన్యు పరిశీలనలు సూచించాయి. అక్కడ అది చలికాలపు ముసురుకు మొలిచి వసంతంలో గింజ రాలుస్తుంది. గుజరాత్, రాజస్థాన్ రైతులు దాన్ని రబీలోనే విత్తుతారు. ఖండాలు మారినా దాని కాలం మారలేదు.

రాజస్థాన్ మాట వచ్చింది కాబట్టి థార్ ఎడారినీ చూద్దాం. సొనోరన్‌తో అక్షాంశాలు దాదాపు సమానం. కానీ థార్‌లో వాన అత్యధిక భాగం జూలై, సెప్టెంబరుల మధ్యే పడుతుంది, చలికాలంలో చినుకులే. అందుకే అక్కడి స్వల్పాయువు మొక్కల్లో ఎక్కువ భాగం వానాకాలపువే. పల్లేరు, గలిజేరు, ఒంటికి అంటుకునే ముళ్లకాయల గడ్డి సెంక్రస్ బైఫ్లోరస్ వాటిలో ఉన్నాయి. ఈ గడ్డి గింజను కరవుకాలంలో అక్కడివాళ్లు పిండి చేసుకుని తిన్నారు. ఫిబ్రవరిలో పూల తివాచీ చూద్దామని జైసల్మేర్ వెళ్తే దొరకదు.

టుమామాక్ కొండ మీద

టూసాన్ నగరం అంచున టుమామాక్ అనే నల్లరాతి కొండ ఉంది. 1903లో కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్ అక్కడ ఎడారి ప్రయోగశాల నెలకొల్పింది. కొద్ది ఏళ్లకే పశువులు దూరకుండా చుట్టూ కంచె వేశారు. ఇప్పుడది అరిజోనా విశ్వవిద్యాలయానిది. 1982లో లారీ వెనబుల్ అనే శాస్త్రవేత్త ఆ కొండ దిగువన చిన్న చిన్న మడులు గుర్తుపెట్టి చలికాలపు మొక్కల లెక్క మొదలుపెట్టారు. మొలకెత్తించే వాన పడిన ప్రతిసారీ వెళ్లి, లేచిన ప్రతి మొలకనూ గుర్తించి, అది చచ్చేదాకానో గింజ వేసేదాకానో వెంబడించాలి. ఆ లెక్క దశాబ్దాలు సాగింది. గొప్ప యంత్రాలతో చేసే పని కాదిది. మోకాళ్ల మీద కూర్చుని, ఏడాది తర్వాత ఏడాది, చేతులతో చేయాల్సిన పని. విజ్ఞానశాస్త్రంలో ఇంతకంటే గౌరవించదగిన శ్రమ నాకు తెలియదు.

ఈ లెక్కల వెనక ఒక సిద్ధాంతం ఉంది. జెరూసలేంలోని డాన్ కోహెన్ 1966లో గణితంతో ఒక సంగతి చూపించారు. ఒక మొక్కకు మంచి ఏడు వస్తే గింజలు పదింతలు అవుతాయనుకోండి. నాలుగు మంచి ఏళ్లకు ఒక గింజ పదివేలవుతుంది. ఐదో ఏట అన్నీ మొలిచి, వాన మధ్యలో ముఖం చాటేసి, ఒక్క గింజా రాకపోతే? పదివేలను సున్నాతో హెచ్చించినట్టే, వంశం అక్కడితో సరి. అందువల్ల వాన బాగా పడ్డ ఏడు కూడా కొన్ని గింజలు మొలవకుండా మట్టిలోనే ఉండిపోవడం లాభం. కాలం ఎంత నమ్మరానిదైతే అంత ఎక్కువ గింజ ఆగిపోవాలి.

కోహెన్ చెప్పింది నేల మీద నిజమేనా అని వెనబుల్ తన దీర్ఘకాలపు లెక్కల్లో వెతికి, 2007లో జవాబు ప్రచురించారు. దిగుబడి ఏటేటా స్థిరంగా ఉండే జాతులు ఎక్కువ శాతం విత్తనాలను మొలకెత్తిస్తున్నాయి. ఒక ఏడు విరగకాసి మరుసటి ఏడు శూన్యమయ్యే జాతులు తక్కువ శాతాన్నే మొలకెత్తించి మిగతావి ఆపుకుంటున్నాయి. కాగితం మీది గణితం, కొండ కింది మట్టి ఒకే మాట చెప్పాయి.

అన్ని జాతులూ ఒకే చోట కలిసి ఎలా బతుకుతున్నాయన్న చిక్కు కూడా ఇక్కడే విడుతుంది. ఒక ఏడు వాన నవంబరు మొదట్లో పడుతుంది, ఒక జాతికి పండగ. మరుసటి ఏడు జనవరిలో పడుతుంది, ఇంకో జాతికి పండగ. తన ఏడు కానప్పుడు ఓడిన జాతి మట్టిలో గింజల రూపంలో కాచుకుని ఉంటుంది. తేదీ మారుతూ ఉండబట్టే ఏ ఒక్క జాతీ నేలనంతా ఆక్రమించలేకపోతోంది.

వేడి పెరిగితే చలిమొక్కలు పెరిగాయి

2010లో సారా కింబల్, వెనబుల్, వారి సహచరులు పాతికేళ్ల లెక్కలు ముందేసుకుని చూశారు. టూసాన్ వాతావరణం వేడెక్కుతోంది. చలికాలం పొడిబారుతోంది. అలాంటప్పుడు వేడిని ఇష్టపడే జాతులు పెరగాలి కదా. జరిగింది మాత్రం దానికి పూర్తిగా విరుద్ధం. ఎరోడియం టెక్సానమ్, పెక్టోకారియా రికర్వాటా వంటి చలికి అలవాటుపడిన జాతుల వాటా పెరిగింది.

కారణం తేదీ. మొలకెత్తించే తొలి వాన అంతకుముందు అక్టోబరు చివర్లో పడేది. అది జరుగుతూ జరుగుతూ డిసెంబరు ఆరంభానికి వచ్చింది. ఏడాది సగటు వేడి పెరిగినా, మొలక కళ్లు తెరిచే రోజులు మాత్రం మునుపటికంటే చల్లనివయ్యాయి. వాన వెలిసిన వెంటనే, నేల తడిగా ఉండగా, ఆ చల్లని రోజుల్లోనే ఆకును పనిచేయించగల జాతి బాగుపడింది. నీటిని పొదుపుగా వాడే గుణం కూడా దానికే ఉంది. వేగంగా పెరగడానికి అలవాటుపడిన జాతులు వెనకబడ్డాయి.

ఉష్ణోగ్రత పటాలు మాత్రమే చూసి, వేడెక్కుతున్న లోకంలో ఏ మొక్క ఎక్కడికి పోతుందో చెప్పేస్తున్న అంచనాలన్నిటికీ ఇది గట్టి హెచ్చరిక. వాన తేదీని వదిలేసిన అంచనా తలకిందులుగా తప్పగలదు.

తేదీల ఆటలో కొత్త ఆటగాళ్లూ దిగారు. మన ఆవాల ప్రజాతికే చెందిన సహారా ఆవ 1920లలో కాలిఫోర్నియా ఎడారిలో కనిపించింది. అది స్థానిక మొక్కలకంటే ముందే మొలిచి, నేలను కప్పి, పదును తాగేస్తుంది. ఎండాక మంటలకు మేత అవుతుంది. పొదల మధ్య ఖాళీ నేల ఉండే ఎడారికి మంట అలవాటు లేదు. పూల వెల్లువను చూడవచ్చిన జనం మొక్కలను తొక్కి, గింజ పడకముందే కోసుకుపోవడం మరో నష్టం. ఆ పువ్వులో ఉన్నది వచ్చే పదేళ్ల గింజ.

అరిజోనాలోని ఫీనిక్స్, చాండ్లర్ పరిసరాల్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పికాచో పీక్ కొండ దిగువకు పిల్లలను తీసుకెళ్లి బంగారు గసగసాల పూలను చూపించే తెలుగు తల్లిదండ్రులు బాట దిగకుండా నడిపించాలి. పోయిన అక్టోబరు, నవంబరుల్లో వాన ఎప్పుడు పడిందో ముందు చూసుకుని వెళ్లాలి. అదే పిల్లలను ఆగస్టులోనూ ఒకసారి తీసుకెళ్లి, అదే నేలలో వేరే వనం లేచిందని చూపించాలి.

ఇక్కడున్న వాళ్లకు, ముఖ్యంగా కళాశాలల్లో వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. అనంతపురం, శ్రీసత్యసాయి, మహబూబ్‌నగర్ జిల్లాలు ఎడారులు కావు గానీ వాన తేదీ మీదే బతుకుతున్న నేలలు. అక్కడి బీడుల్లో పల్లేరు, గలిజేరు, పావిలి ఏ వానకు లేస్తున్నాయో ఒక్క మడిలో దశాబ్దాలపాటు రాసిపెట్టగలిగితే ఎంత విలువో టుమామాక్ కొండ చూపిస్తోంది. దానికి కావలసింది ఒక మీటరు చదరపు నేల, నాలుగు మేకులు, ఒక తాడు, ఒక వర్షమాపకం, ఒక నోటుపుస్తకం. తొలి గట్టి వాన తేదీ, ఆ తర్వాత లేచిన మొలకల పేర్లు, వాటిలో గింజ వేసినవెన్ని అన్న లెక్క రాయండి. మీరు బదిలీ అయితే పుస్తకాన్ని తర్వాత వచ్చేవారికి అప్పగించండి. ఈ ఏడు తొలకరితోనే మొదలుపెట్టండి.